ఎముక వయసు, జిగురు వయసు

బ్రిటన్‌లో వేల్స్ దక్షిణ తీరాన గోవర్ ద్వీపకల్పం ఉంది. అక్కడ పావిలాండ్ దగ్గర, సముద్రం మీదికి వాలిన కొండచరియలో గోట్స్ హోల్ అనే సున్నపురాయి గుహ ఒకటి. పోటు మీద ఉన్నప్పుడు అటు వెళ్ళలేం. నీళ్ళు వెనక్కి తీశాక కొద్ది గంటలు దారి దొరుకుతుంది. 1823లో ఆ గుహలో ఒక మనిషి అస్థిపంజరం బయటపడింది. తల లేదు. మిగిలిన ఎముకలకి జేగురు పట్టి ఎర్రగా ఉన్నాయి. అప్పుడు ఆ మనిషిది రెండువేల ఏళ్ళలోపు వయసన్నారు. 1968లో పద్దెనిమిది వేల పైచిలుకు అన్నారు. 1980ల చివరికొచ్చేసరికి అది ఇరవయ్యారు వేలు దాటింది. 2008లో ముప్ఫైమూడు వేలన్నారు.

ఈ వరస మా బావగారికి చెబితే ఓపిగ్గా అంతా విని, "ఇది సైన్సా, వేలంపాటా?" అన్నారు.

ఆ వెటకారంలో ఆయన తప్పేమీ లేదు. పేపర్లోనైనా టీవీలోనైనా మనదాకా వచ్చేది ఒక్క అంకే. "గుహలో 40 వేల ఏళ్ళ నాటి సమాధి" అని రాస్తారు, అయిపోతుంది. దేన్ని కొలిచారు, కొలిచేముందు ఎలా కడిగారు అన్నది ఎవరూ రాయరు. పదేళ్ళ తర్వాత ఇంకో అంకె వస్తుంది. చదివేవాడికి ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నట్టే ఉంటుంది. నా వాదన ఏమిటంటే, ఈ అంకెలు మారిన ప్రతిసారీ దానికి పేరు పెట్టి చెప్పగలిగే కారణం ఉంది, చాలాసార్లు ఆ కారణాన్ని లెక్క కట్టి చూపించవచ్చు కూడా. ఆ కారణాన్ని వదిలేసి అంకెని మాత్రం అచ్చేసేవాళ్ళు ప్రాచీన చరిత్రకి చేస్తున్న అన్యాయం, చరిత్రని కల్పించేవాళ్ళు చేసేదానికి పెద్దగా తీసిపోదు.

పావిలాండ్ అస్థిపంజరాన్ని తవ్విన విలియం బక్లండ్ ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చెప్పేవాడు, చర్చిలో మతాధికారి కూడా. ఆ గుహలో పెద్ద జంతువుల ఎముకలు దొరుకుతున్నాయని స్థానిక జమీందారీ కుటుంబం కబురు పెడితే 1823 జనవరిలో వచ్చి చూశాడు. తొడ ఎముక పక్కన రెండు గుప్పిళ్ళ చిన్న నత్తగుల్లలు, పక్కటెముకల దగ్గర దంతంతో చేసిన పుల్లల ముక్కలు, దంతపు కడియాల ముక్కలు. నగలున్నాయి గనక ఆడమనిషి అనుకున్నాడు. కొండ మీద పాత కోట ఆనవాళ్ళున్నాయి. అది రోమన్ల కాలానిదని నమ్మాడు గనక, ఆ శిబిరాన్ని అంటిపెట్టుకుని బతికిన ఆడది అని తేల్చాడు. అలా "రెడ్ లేడీ" అనే పేరు పడిపోయింది. పక్కనే మామత్ (మంచుయుగపు ఏనుగు) పుర్రె ఉంది కదా అంటే, ఆ మృగాలు బైబిల్ జలప్రళయంలో పోయినవి, ఈ మనిషి ఆ తర్వాతది, ఎప్పటినుంచో గుహలో పడి ఉన్న దంతాన్ని తీసి నగలు చెక్కారు అన్నాడు.

బక్లండ్‌ని చూసి నవ్వడం తేలిక, అందరూ నవ్వుతూనే వస్తున్నారు. నేను నవ్వను. ఏ వస్తువు ఏ ఎముక పక్కన ఉందో ఆయన రాసిపెట్టబట్టే తర్వాతివాళ్ళు ఏదైనా చెప్పగలిగారు. ఆయన కళ్ళు సరిగానే చూశాయి. వయసు మాత్రం పక్కవాడి దగ్గర అప్పు తెచ్చాడు. కొండమీది కోట వయసు తెచ్చి గుహలోని మనిషికి పెట్టాడు. గుహ సమాధుల చరిత్రంతా ఒకరకంగా ఈ అప్పు తెచ్చిన వయసుల చరిత్రే. 1912లో విలియం సోలాస్ అదే గుహని మళ్ళీ తవ్వి, ఇది ఆడమనిషి కాదు, మగవాడు, ఫ్రాన్స్‌లో దొరికిన క్రోమాన్యన్ల (ఐరోపాలోని తొలి ఆధునిక మానవుల) కోవకి చెందినవాడు అని చెప్పాడు. ఆ వయసూ అప్పుదే, ఫ్రాన్స్ గుహల్లోని రాతి పనిముట్లతో పోల్చి తెచ్చింది. కాకపోతే ఈసారి అప్పిచ్చినవాడు నమ్మదగ్గవాడు.

ఎముకనే నేరుగా వయసు అడగడం రెండో ప్రపంచయుద్ధం తర్వాతే కుదిరింది. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల పై వాతావరణంలో నైట్రోజన్ కొంత కార్బన్-14గా మారుతుంది, దీన్నే రేడియోకార్బన్ అంటారు. అది మొక్కల్లోకి, మొక్కల నుంచి జంతువుల్లోకి, మనలోకి చేరుతుంది. ప్రాణం పోయాక కొత్తది రాదు, ఉన్నది 5,730 ఏళ్ళకి సగం చొప్పున తరిగిపోతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో విల్లర్డ్ లిబ్బీ బృందం 1949లో ఈ లెక్కతో వయసులు కట్టి చూపించింది. 1960లో ఆయనకి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

పావిలాండ్ ఎముకని మొదట కొలిపించినవాడు కెనెత్ ఓక్లీ. ఆదిమానవుడిదని అందరూ నమ్మిన పిల్ట్‌డౌన్ పుర్రె బూటకమని బయటపెట్టినవాళ్ళలో ఒకడు, అంటే తేలిగ్గా మోసపోయే రకం కాదు. 1968లో ఆయన ప్రకటించిన అంకె 18,460, అటూ ఇటూ 340. వెంటనే చిక్కొచ్చింది. అది మంచుయుగం తీవ్రంగా ఉన్న కాలం. మంచుపలక గోవర్ సమీపందాకా దిగి ఉన్న రోజులు. అంత చలిలో అక్కడ మనుషులేం చేస్తున్నారు? ఏదో పవిత్ర స్థలమని దూరం నుంచి మోసుకొచ్చి పూడ్చారేమో అన్న ఊహ కూడా వచ్చింది. అంకె తప్పయితే దాన్ని నిలబెట్టడానికి కథ అల్లుకోవాల్సి వస్తుంది. ఆ కథ బాగుంటే అంకె తప్పని తేలాక కూడా జనం నోళ్ళలో బతికేస్తుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

1980ల చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో కార్బన్-14 పరమాణువుల్ని నేరుగా లెక్కపెట్టే యాక్సిలరేటర్ పద్ధతిలో కొలిస్తే 26,350 వచ్చింది. తర్వాత రోజర్ జకోబీ, టామ్ హైయమ్ మరింత కట్టుదిట్టంగా శుద్ధి చేసి కొలిచి 2008లో ప్రచురించిన అంకె దాదాపు 29,000 రేడియోకార్బన్ ఏళ్ళు. దాన్ని మామూలు క్యాలెండర్ ఏళ్ళలోకి మారిస్తే 33 వేలు దాటుతుంది. అంటే మంచు ముమ్మరించక ముందు, వాతావరణం కాస్త తెరిపిచ్చిన కాలం. మోసుకొచ్చి పూడ్చిన కథ అక్కర్లేకుండా పోయింది. అప్పట్లో సముద్రమట్టం బాగా తక్కువ. ఇవాళ అలలు కొట్టే ఆ గుహ ముందు దాదాపు వంద కిలోమీటర్ల మేర మైదానం ఉండేది.

29 వేలు, 33 వేలు రెండూ ఒకే కొలత. లిబ్బీ మొదట్లో సగం తరిగే కాలాన్ని 5,568 ఏళ్ళుగా లెక్కించాడు. పాత తేదీలతో పోల్చుకోవడానికి వీలుగా ప్రయోగశాలలు ఇప్పటికీ ఆ లెక్కే వాడుతున్నాయి. పైగా గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకే మోతాదులో లేదు. చెట్ల వలయాలతో, సరస్సుల అడుగున ఏటేటా పేరుకున్న మట్టిపొరలతో, గుహల్లో పెరిగిన సున్నపు స్తంభాలతో సరిచూసి తయారుచేసిన పట్టిక ఉంది, అది 55 వేల ఏళ్ళ వరకూ వెళ్తుంది. రేడియోకార్బన్ ఏళ్ళని ఆ పట్టికలో పెట్టి క్యాలెండర్ ఏళ్ళు తీస్తారు. మన వార్తల్లో ఒకచోట ఈ ఏళ్ళు, ఇంకోచోట ఆ ఏళ్ళు వేసి, శాస్త్రవేత్తలు మాట మార్చారు అంటారు. బావగారి వేలంపాటలో ఒక పాట ఇలా చేరిందే.

ఇక అసలు సంగతి. 18 వేలు 26 వేలుగా, అది 29 వేలుగా ఎందుకు పెరిగింది?

చనిపోయిన రోజున ఎముక జేబులో వంద రూపాయల కార్బన్-14 ఉందనుకోండి. రెండువేల రేడియోకార్బన్ ఏళ్ళకి 78 రూపాయలు మిగులుతాయి. 29 వేలకి రెండు రూపాయల డెబ్బై పైసలు. 40 వేలకి డెబ్బై పైసలు కూడా నిండా ఉండవు. ఇప్పుడు ఆ జేబులో ఇవాళ్టి రూపాయి ఒకటి పడింది, అంటే ఎముకలోని కార్బన్‌లో ఒక శాతం ఈ కాలపుది కలిసింది. డెబ్బై ఎనిమిది రూపాయలున్నవాడికి అదో లెక్క కాదు, వయసు ఇరవై ఏళ్ళ తేడాతో వస్తుంది. రెండు రూపాయల డెబ్బై పైసలవాడు 29 వేల నుంచి దాదాపు 26,500కి దిగిపోతాడు. డెబ్బై పైసలవాడు 40 వేల నుంచి 33 వేల కిందికి జారతాడు. అదే ఒక్క రూపాయి. ఒకచోట ఇరవై ఏళ్ళు, ఇంకోచోట ఏడువేల ఏళ్ళు.

ఈ లెక్కలు కాగితమ్మీద నేనే వేసుకున్నాను, లాగరిథమ్ తెలిసినవాళ్ళెవరైనా వేసుకోవచ్చు. 26,500 అన్నది 26,350కి దగ్గరగా ఉందని, ఆ నమూనాలో సరిగ్గా ఒక శాతమే కలిసిందని నేననను. ఎంత కొంచెం కలిస్తే సరిపోతుందో చూడమంటున్నానంతే. 1968 నాటి 18,460 రావాలంటే ఏడున్నర శాతం కలవాలి. మట్టిలో నాని, గుహ తేమ పీల్చి, నూట నలభై ఏళ్ళకి పైగా మనుషుల చేతుల్లో తిరిగిన ఎముకకి అది మరీ ఎక్కువేమీ కాదు.

దీనికి రెండో వైపు కూడా లెక్క వేయాలి. కొత్త కార్బన్ బదులు బాగా పాతది, కార్బన్-14 అసలే లేనిది ఒక శాతం కలిసిందనుకుందాం. అప్పుడు వయసు పెరిగేది ఎనభై ఏళ్ళే. ఎముక రెండువేల ఏళ్ళదైనా నలభై వేలదైనా అదే ఎనభై. అంటే పాత ఎముకల విషయంలో కల్తీ దాదాపు ఎప్పుడూ ఒకే దిక్కుకి లాగుతుంది, ఉన్నదానికంటే చిన్నవాణ్ణి చేస్తుంది. శుద్ధి మెరుగయ్యేకొద్దీ వయసు పైకి వెళ్ళడం ఆశ్చర్యం కాదు. వేలంపాటలో పాట ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, ఇక్కడ అంకె ఎటు కదులుతుందో ముందే చెప్పవచ్చు.

శుద్ధి అంటే నీళ్ళతో కడగడం కాదు. ఎముకలోని ఖనిజాన్ని ఆమ్లంతో కరిగించి, కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ని వేరుచేసి, దాన్ని జెలటిన్‌గా మార్చి, చాలా సన్నని రంధ్రాల జల్లెడలో పోస్తారు. పొడవాటి అణువులు పైన ఆగిపోతాయి, మట్టి నుంచి చేరిన చిన్నాచితకా అణువులు కిందికి దిగిపోతాయి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పావిలాండ్ మనిషికి వాడింది ఇదే. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ జల్లెడలు ఎండిపోకుండా కంపెనీ పూసే గ్లిజరిన్‌లో కూడా కార్బన్ ఉంది! దాన్ని పూర్తిగా వదలగొట్టకుండా కొలిచిన కొన్ని తేదీలు తేడా వస్తే, ప్రయోగశాల తనే కనిపెట్టి, తనే ప్రకటించి, మళ్ళీ కొలిచింది. అక్కడ నాకు వాళ్ళమీద గురి కుదిరింది.

మట్టి సంగతి సరే, మ్యూజియం మాటేమిటి? బెల్జియంలో స్పీ గుహలో 1886లో నియాండర్తల్ (మనకంటే ముందు ఐరోపాలో బతికిన మరో మానవజాతి) అస్థిపంజరాలు దొరికాయి. వాటి ఎముకల్లో ఒకదానికి ఒకప్పుడు 23,880 రేడియోకార్బన్ ఏళ్ళని వచ్చింది. అది నిజమైతే వాయవ్య ఐరోపాలో నియాండర్తల్‌లు అందరికంటే ఆఖర్న పోయినవాళ్ళవుతారు. ఆధునిక మానవులతో వేల ఏళ్ళు ఇరుగుపొరుగుగా బతికారని ఎన్ని కథలు అల్లుకోవచ్చో! 2021లో తిబో దెవియెజ్ బృందం ఇంకో పద్ధతిలో కొలిచింది. కొల్లాజెన్ మొత్తాన్ని కాకుండా అందులోని హైడ్రాక్సీప్రోలీన్ అనే ఒక్క ఆమైనో ఆమ్లాన్ని విడదీసి దాన్నే కొలవడం. బెల్జియం నియాండర్తల్‌లు క్యాలెండర్ ఏళ్ళలో 44,200కీ 40,600కీ మధ్యే కనుమరుగయ్యారని తేలింది. ఆ ఎముకల్లో ఒక భుజపుటెముకలో పశువుల డీఎన్‌ఏ కూడా దొరికింది. ఎప్పుడో ఎవరో విరిగిన ముక్కల్ని పశువుల ఎముకల జిగురుతో అతికించి ఉండాలి. జిగురు అంటే కొల్లాజెనే. ఎముక కొల్లాజెన్‌లో ఇంకో కొల్లాజెన్ కలిస్తే ఏ జల్లెడ పట్టుకుంటుంది? ఎముకని కాపాడాలని చేసిన పనే దాని వయసుని చెరిపింది. క్రొయేషియాలోని విండియా గుహ నియాండర్తల్‌లదీ ఇదే దారి. 28-29 వేలన్నది 32-33 వేలయింది, 2017లో ఇదే హైడ్రాక్సీప్రోలీన్ పద్ధతితో 40 వేలు దాటింది.

ఇంతవరకూ పెరిగిన వయసులే చెప్పాను. తరిగినవీ ఉన్నాయి, వాటి కారణం వేరు. జర్మనీలో ఫోగెల్‌హెర్డ్ గుహని 1931లో గుస్టావ్ రీక్ తవ్వాడు. దంతంతో చెక్కిన చిన్న గుర్రం, మామత్ బొమ్మలు అక్కడివే, ముప్ఫై వేల ఏళ్ళకి పైబడిన పనితనం. ఆ పొరల్లోనే మనిషి పుర్రెలు, ఎముకలు దొరికాయి. ఇంకేముంది, ఆ శిల్పులు వీళ్ళేనని డెబ్బై ఏళ్ళపాటు పాఠ్యపుస్తకాల్లో చెప్పుకున్నారు. 2004లో ఆ మనిషి ఎముకల్నే నేరుగా కొలిస్తే నాలుగైదు వేల ఏళ్ళు వచ్చింది. వ్యవసాయం మొదలయ్యాక ఎవరో ఆ గుహలో గొయ్యి తీసి తమవాళ్ళని పూడ్చుకున్నారు, ఆ గొయ్యి పాత పొరల్లోకి దిగింది.

సమాధి అంటేనే గొయ్యి కదా. పై పొరలో నిలబడి కింది పొరలోకి తవ్వుతారు. పక్కన దొరికిన బొగ్గు వయసు, పక్కనున్న జంతువు ఎముక వయసు ఆ గొయ్యి తవ్వకముందే అక్కడున్నవాటిది కావచ్చు. గుహల్లో ఇది మరీ ఎక్కువ. నీళ్ళు దొర్లిస్తాయి, ఎలుగుబంట్లు, హైనాలు తవ్విపోస్తాయి, తర్వాతివాళ్ళు చదును చేస్తారు. పొర వయసుతో పూడ్చిన మనిషి వయసు చెప్పడం బక్లండ్ చేసిన పనే, పరికరాలు మారాయంతే.

ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేస్తూ వయసులు కల్పించి చెప్పిన రైనర్ ప్రోచ్ సంగతి కూడా బావగారి లాంటివాళ్ళు అడుగుతారు, అడగాలి. ఆయన 27,400 ఏళ్ళని చెప్పిన పాడర్‌బోర్న్ పుర్రె ఆక్స్‌ఫర్డ్‌లో కొలిస్తే రెండువందల యాభై ఏళ్ళదని తేలింది. 36 వేలన్న హానోఫర్‌జాండ్ పుర్రె ఏడున్నర వేలకి దిగింది. 2005లో ఆయన్ని పదవిలోంచి పంపించేశారు. ఈ రెండూ గుహ సమాధులు కావు గనక ఎక్కువ రాయను. అబద్ధాన్ని పట్టుకున్నది మరో కొలతే అని మాత్రం చెప్పి వదిలేస్తాను.

మన దగ్గరికొస్తే ఇదంతా తలకిందులవుతుంది. రాయలసీమలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల గురించి మద్రాసు సైన్యాధికారి న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. తర్వాత ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త టి. హెచ్. హక్స్‌లీ మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కి ఆ గుహలు తవ్వించమని సలహా ఇస్తే, 1884లో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ మొదలుపెట్టాడు, కొడుకు హెన్రీ కొనసాగించాడు. ఐరోపా గుహల్లోలాగే ఇక్కడా ఆదిమానవుడు దొరుకుతాడని ఆశ. బోలెడు జంతువుల ఎముకలు దొరికాయి, పావిలాండ్ లాంటి సమాధి దొరకలేదు. 1970ల్లో ఎం. ఎల్. కె. మూర్తి తవ్విన ముచ్చట్ల చింతమాను గవిలో ఒక పొయ్యి బయటపడింది. దాని కాలిన మట్టికి థర్మోల్యుమినిసెన్స్ పద్ధతిలో (మట్టిని వేడిచేసినప్పుడు వెలువడే వెలుగుని కొలిచి) సుమారు 17 వేల ఏళ్ళు కట్టారు. జ్వాలాపురం రాతి గూడులో చిన్న రాతి పనిముట్ల పొరలకి దాదాపు 35 వేల ఏళ్ళ లోతు ఉంది. అక్కడ మనిషి కపాలపు ముక్కలూ దొరికాయి. కానీ రేడియోకార్బన్ వేసింది గుల్లలకి. ఆ కపాలానికి మనం చెప్పే వయసు పొరలోనిదే, అంటే అప్పు తెచ్చిందే.

తప్పు తవ్వినవాళ్ళది కాదు, ఎండది. కొల్లాజెన్ చల్లటి చోట వేల ఏళ్ళు నిలుస్తుంది, వేడికి విరిగిపోతుంది. ఎముక బరువులో ఒక శాతమైనా కొల్లాజెన్ దక్కకపోతే మంచి ప్రయోగశాల తేదీ ఇవ్వనంటుంది. రాయలసీమ ఎండల్లో ముప్ఫై వేల ఏళ్ళ ఎముకలో ఆ ఒక్క శాతం మిగలడం కష్టం. అందుకే రాయలసీమ గుహల్లో ఇన్ని వేల ఏళ్ళ కిందటి మనిషి అంటూ నెట్లో తిరిగే రాతలు కనిపిస్తే నేను ముందు అడిగేది ఒకటే. కొలిచింది ఆ మనిషినా, అతని పక్కనున్న గుల్లనా? ఇలా అడిగితే మన ప్రాంతాన్ని తక్కువ చేస్తున్నావంటారు కొందరు. బిల్లసర్గంలో రెండు లక్షల ఏళ్ళ జంతువుల చరిత్ర పొరలు పొరలుగా బయటపడిందని 2014లో ప్రచురించారు. దానికి నేను గర్వపడతాను, అది సొంత ఆస్తి. అప్పు తెచ్చిన అంకెతో గర్వపడాల్సిన అవసరం నాకు లేదు.

ఎముకల్ని భద్రపరిచేవాళ్ళ అభ్యంతరం ఒకటుంది, అది న్యాయమైనదే. ప్రతి కొలతకీ కొంత ఎముక కాలిపోతుంది. పాత పద్ధతిలో గుప్పెళ్ళకొద్దీ కావాల్సి వచ్చేది, ఇప్పుడు అరగ్రాము సరిపోతోంది, అయినా పోయేది పోయినట్టే. డీఎన్‌ఏ వాళ్ళదీ అదే వాటాకి పోటీ. ఒక మనిషిని, ఎవరో ఏడ్చి పూడ్చుకున్న మనిషిని, డ్రిల్లుతో తొలవడం నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ తప్పు వయసుతో అద్దాల పెట్టెలో పడుకోబెట్టడం గౌరవమని కూడా అనుకోను. ముట్టుకోవద్దనడంకంటే, తవ్విన రోజునే చేయాల్సిన పని ఒకటుంది. దొరికిన ఎముకల్లో కొంతైనా వార్నిష్ గానీ జిగురు గానీ తగలకుండా, చేతి తడి అంటకుండా విడిగా తీసిపెట్టడం. మిగతావాటికి ఏం పూశారో, ఎప్పుడు పూశారో చీటీ రాసి దాంతోపాటే ఉంచడం. ఖర్చు దాదాపు సున్నా. కర్నూలు, నంద్యాల గుహల్లో రేపు ఎవరైనా తవ్వితే, ముందుగా రాసుకోవాల్సిన నియమాల్లో ఇదొకటి ఉండాలి. ఈ ఎండలో కూడా పనిచేసే పద్ధతి ఇంకా రాలేదు, వచ్చేనాటికి జిగురు పూయని ముక్క ఒకటి మిగిలి ఉండాలి కదా.